కొమ్మ కదిపే ముందు

మా చుట్టుపక్కల నలభై ఊళ్ళలో కొండపండు చెట్టు ఎక్కడంలో నన్ను మించినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఒక చేత్తో నిండు నీళ్ళ చెంబు, రెండో చేత్తో కొమ్మలు పట్టుకుంటూ చిటారు దాకా వెళ్ళి, చుక్క ఒలకకుండా దిగివచ్చేవాణ్ణి. ఆ చెట్టు కూడా అల్లాటప్పా చెట్టు కాదు. పై కొమ్మలో పిట్ట గూటి నుంచి గుడ్డు జారితే, నేలను తాకేలోగా పిల్లయి, రెక్కలొచ్చి ఎగిరిపోయేది. నమ్మనివాళ్ళు వెళ్ళి కొలుచుకోవచ్చు. చెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

అయితే ఇది నా కథ కాదు, నిచ్చెనలాయన కథ.

ఆయన పని నిచ్చెనలు చేయడం. రంగులు వేసేవాళ్ళకు, కరెంటు పనివాళ్ళకు, అటక మీద సామాను దాచుకునే ఆడవాళ్ళకు ఎవరి ఎత్తుకు తగ్గది వాళ్ళకు చేసి ఇచ్చేవాడు. తాను మాత్రం ఎన్నడూ నిచ్చెన ఎక్కి ఎరగడు. చెట్టయినా గోడయినా ఉత్త కాళ్ళతోనే. ముందు గది పనిచేసే చోటు, వెనక గది వంటిల్లు. ముందు గదిలో అటూ ఇటూ గోడలకు నిచ్చెనలు ఆనించి ఉండేవి కాబట్టి వంటింట్లోకి వెళ్ళాలంటే పక్కకు తిరిగి నడవాలి. ఆయన భార్య కాస్త ఒళ్ళున్న మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు అలా పక్కకు తిరిగి నడుస్తూనే, "ఈ ఇంట్లో నిచ్చెనలకున్న చోటు నాకు లేదు" అని దెప్పిపొడుస్తూనే కాపురం చేసింది. పోయిన చలికాలం జ్వరం తగిలి వారం రోజుల్లో వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయనకు పని చెయ్యబుద్ధి పుట్టలేదు. ఉన్న నిచ్చెనలు ఒక్కొక్కటే అమ్ముడైపోయాయి. గది మధ్యలో బండి తోలేంత చోటు మిగిలింది. అయినా ఆయన వంటింట్లోకి పక్కకు తిరిగే నడిచేవాడు.

వంటింటి అరమీద ఒక జాడీ ఉండేది. గోధుమరంగు పింగాణీ జాడీ, మూతి మీద గుడ్డ, గుడ్డకు తాడు. అందులో ఏటా కొండపండు గుజ్జు ఉడికించి నింపేది ఆవిడ. పుస్తకాల్లో ఆ పండుకు ఏం పేరుందో నాకు తెలియదు, మేమందరం కొండపండే అంటాం. గోళీకాయంత ఉంటుంది, పండితే నలుపు తిరిగిన ఎరుపు. తోలు ఉల్లిపొర కంటే పలుచన. సందులో ఎవరికి దగ్గొచ్చినా ఆ జాడీలోంచి ఒక చెంచా, వేడినీళ్ళలో కలుపుకుని తాగడం. నిజంగా ఆ గుజ్జుకే దగ్గు తగ్గేదో, ఆవిడ మొహం చూసి దగ్గే మొహమాటపడి లేచిపోయేదో నేను చెప్పలేను. సందు మొత్తానికి అదొక నమ్మకం. దగ్గొస్తే నిచ్చెనలాయన ఇంటి తలుపు తట్టడమే.

ఆవిడ పోయాక, దగ్గుకూ మిగిలిన నిచ్చెనలకూ తప్ప ఆ ఇంటి తలుపు తట్టినవాళ్ళు లేరు. మొదట్లో పరామర్శకు వచ్చారు, పదిరోజులకు అదీ ఆగింది. జనం చెడ్డవాళ్ళు కారు. ఎవరి పనులు వాళ్ళవి. అందుకని ఆయనకు ఒక కొత్త రోగం పట్టుకుంది. గోడకు చెవి ఆనించి ఎవరైనా దగ్గుతున్నారేమోనని వినడం. ఎదురింట్లో ఎవరైనా ఖళ్ళుమంటే చాలు, గబగబా చొక్కా తొడుక్కుని, జాడీ దించి, కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకుని కూర్చునేవాడు.

ఒకరోజు పక్కింటి బస్సు కండక్టరు భార్య వచ్చింది.

"బాబాయ్, పిల్లదానికి రాత్రి నుంచి ఒకటే దగ్గు."

"విన్నాలే. నాలుగింటికి మొదలైంది, ఆరింటికి కాస్త ఆగింది. కూర్చో."

"కూర్చోలేను బాబాయ్, పొయ్యి మీద పాలున్నాయి."

ఆయన జాడీలో చెంచా పెట్టాడు. చెంచా అడుగున గీసుకున్న చప్పుడు ఇద్దరికీ వినబడింది. వంచి, తిప్పి, గోడలు గీకి, అర చెంచా తీశాడు.

"అయిపోవచ్చిందా?" అందామె.

"ఎందుకైపోతుంది? అటక మీద ఇంకో జాడీ ఉంది."

"పిన్ని ఉంటే..." అని ఆమె ఆగిపోయింది. తర్వాత మాట మార్చి, "అయిపోతే చెప్పు బాబాయ్. మందుల షాపులో సీసాలో అమ్ముతున్నారు, మొన్న మా ఆయన ఒకటి తెచ్చాడు. తియ్యగానే ఉంది" అని వెళ్ళిపోయింది.

అటక మీద ఇంకో జాడీ లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇంట్లో అటకే లేదు.

ఆ రోజంతా ఆయన ఖాళీ జాడీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన లెక్క సులువైనది. పండు లేకపోతే గుజ్జు లేదు. గుజ్జు లేకపోతే దగ్గినవాళ్ళు మందుల షాపుకు పోతారు. అప్పుడిక ఈ తలుపు తట్టేవాళ్ళుండరు. ఈ ఏడు జాడీ నిండకపోతే, ఆ చెక్క తలుపుకు తలుపనే పేరు కూడా దండగే.

కొండపండు ఎప్పుడు పండుతుందో చెప్పడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఇది మాత్రం గొప్పలు చెప్పుకోవడం కాదు, నిజం. పాత రాతిక్వారీ వెనక గుట్ట మీద ఆ చెట్టు ఒక్కటే. మొదలు నుంచి చీమలు పైకి వరస కట్టిన నాలుగోరోజు పండు రంగు తిరుగుతుంది. ఆకు వెనక్కి మడిచి వాసన చూస్తే పులుపు పోయిందో లేదో తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఆరు రోజులు. ఏడోరోజు తెల్లారేసరికి పిట్టలు చెట్టును ఊడ్చేసి పోతాయి. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ గుట్టల్లో తిప్పుతూ నేర్పింది ఆయనకు. పిట్ట ముట్టని పండు మనమూ ముట్టకూడదు. మేడిపండు విప్పి చూడకుండా నోట్లో పెట్టకూడదు. రేగుపళ్ళు పొద్దున్నే కోస్తే ముళ్ళు మెత్తగా ఉంటాయి. ఈ చివరిది మాత్రం పిల్లల్ని పెందలాడే నిద్ర లేపడానికి ఆ తల్లి కట్టిన కథ. ముళ్ళు ఎప్పుడైనా ముళ్ళే.

ఇక కొండపండు సంగతి. దాన్ని కోయలేం, ముట్టుకుంటేనే రాలేంత సన్నని తొడిమ. కొమ్మ కదిపి రాల్చాలి. రాలి నేల తాకితే తోలు పగులుతుంది, పగిలిన పండు సాయంత్రానికి చేదెక్కుతుంది. అందుకని ఒకరు పైన, ఒకరో ఇద్దరో కింద దుప్పటి పట్టుకుని. పైవాడు కొమ్మ మీద చెయ్యి వేసి, "పట్టావా?" అని కేకేస్తాడు. కిందివాడు దుప్పటి సరిచూసుకుని "పట్టా" అంటాడు. ఆ జవాబు వినబడేదాకా కొమ్మ కదపకూడదు. ఎప్పుడో ఒకడు జవాబు లేకుండా కదిపితే ఎండుకొమ్మ విరిగి కింద ఉన్నవాడి నెత్తిన పడిందట. అప్పట్నుంచీ ఈ కట్టుబాటు.

దుప్పటి పట్టడం తేలికనుకుంటారు జనం. దాన్ని మంచంలా బిగించి పట్టకూడదు, పండు ఎగిరి అవతల పడుతుంది. వదులుగా, మధ్యలో పొట్ట ఉండేట్టు పట్టాలి. కళ్ళు దుప్పటి మీద, చెవులు కొమ్మ మీద ఉండాలి. ఆకుల చప్పుడు ఏ పక్క నుంచి వస్తే ఆ పక్కకు ఒక అడుగు. ఇంత వివరంగా నాకెలా తెలుసంటారా? మొదట్లో చెప్పిన నీళ్ళ చెంబు సంగతి ఇక్కడ మరిచిపోండి. నేను జన్మలో చెట్టెక్కలేదు. స్టూలెక్కి బల్బు మార్చాలన్నా నాకు కళ్ళు తిరుగుతాయి. నేను కింద దుప్పటి పట్టేవాణ్ణి. అందులో మాత్రం నాకు సాటి లేరు.

నిచ్చెనలాయన పైన, భార్య కింద. ఆవిడకు తోడుగా దుప్పటి రెండో చివర పట్టడానికి ఆవిడ అన్న వచ్చేవాడు. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. అందరూ గడియారాల బావ అనేవారు. బజారు చివర అగ్గిపెట్టెంత దుకాణం, అందులో పన్నెండు గోడగడియారాలు పన్నెండు టైములు చూపిస్తూ ఉండేవి. మనిషి సన్నం, నోరు పెద్దది. హాస్యమాడకుండా అన్నం అరగదు. వరసకు వాళ్ళిద్దరూ ఒకరికొకరు బావే.

పదకొండేళ్ళ కిందట ఒక కోతరోజున చెల్లెలు నీళ్ళు తాగడానికి ఊట దగ్గరికి వెళ్ళింది. దుప్పటి నేల మీద మడిచి ఉంది. పైనుంచి, "పట్టావా?" అని కేక వచ్చింది. గడియారాల బావ చేతులు జేబుల్లో పెట్టుకుని, హాయిగా, "పట్టా" అన్నాడు. ఒక పది పళ్ళు రాలతాయి, నవ్వుకోవచ్చు అనుకున్నాడు మహానుభావుడు. నిచ్చెనలాయన చెయ్యి వేసింది చెట్టులోకెల్లా నిండు కొమ్మ మీద. మూడు ఊపులు ఊపాడు. ఏడాది పంటలో ముప్పాతిక రాళ్ళ మీద చితికింది.

ఆయన దిగివచ్చి చూశాడు. కేకలు వెయ్యలేదు. "నీ మాట మీద కొమ్మ కదిపాను బావా" అన్నాడు. "ఇంకెప్పుడూ కదపను. నేలపాలైన ఈ పండు ఒక్కటి కూడా నా గడప తొక్కకూడదు."

గడియారాల బావకు ముక్కు మీద కోపం. పళ్ళ కోసం మనిషిని కాదంటావా అని ఆయనా బిగుసుకున్నాడు. పదకొండేళ్ళు ఒకరి దుకాణం ముందు నుంచి ఇంకొకరు వెళ్ళలేదు. చెల్లెలు మాత్రం నెలకోసారి గుజ్జు ఒక గిన్నెలో తీసుకుని అన్న దగ్గరికి వెళ్ళేది. ఆవిడ పోయిన రోజున గడియారాల బావ వచ్చి, సందు మొగలో నిలబడి, అక్కణ్ణుంచే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన దుకాణానికీ గిన్నె తెచ్చేవాళ్ళు లేరు.

ఈ ఏడు చీమలు వరస కట్టాయి. నాలుగోరోజు పండు తిరిగింది. ఇక మిగిలిన ఆరు రోజుల్లో మొదటిరోజు నిచ్చెనలాయన ఇంటింటికీ తిరిగి తోడు అడిగాడు. అందరికీ పనులే. రెండోరోజు టైలరు వస్తానన్నాడు.

"పళ్ళ సంగతి నాకు తెలియదు గాని గుడ్డ సంగతి నాకు చెప్పొద్దు" అన్నాడు టైలరు, గుట్ట ఎక్కుతూ.

"వదులుగా పట్టాలి."

"గుడ్డని వదులుగా పట్టడం మా వృత్తికే అవమానం."

ఒక అంచు పొదకు కట్టి, రెండో అంచు ఆయన పిడికిళ్ళతో బిగించి పట్టాడు. పైనుంచి "పట్టావా?" అంటే, "ఎప్పుడో పట్టాను, కానియ్యి, షాపు తెరవాలి" అన్నాడు. నిచ్చెనలాయన కొంచెంగా కదిపాడు. పళ్ళు టపటపా దుప్పటి మీద పడి, కప్పల్లా ఎగిరి, అవతలి రాళ్ళ మీదికి దూకాయి. రెండు టైలరు కంటికి తగిలాయి.

"ఇదేం పండయ్యా, తిరగబడుతోంది" అని కన్ను నలుపుకుంటూ టైలరు దిగివెళ్ళిపోయాడు.

మూడోరోజు నిచ్చెనలాయన ఒక్కడే వచ్చాడు. దుప్పటి నాలుగు మూలలూ నాలుగు పొదలకు కట్టాడు. వదులుగా, మధ్యలో పొట్ట ఉండేట్టు, అచ్చం ఆవిడ పట్టినట్టే. చెట్టెక్కాడు. కొమ్మ మీద చెయ్యి వేశాడు. ఇక కదపడమే. నోరు దానంతటదే, "పట్టావా?" అంది.

గుట్ట మీద గాలి తప్ప ఏమీ లేదు.

కింద ఎవరూ లేరని ఆయనకు తెలుసు. దుప్పటి కట్టే ఉందని తెలుసు. అయినా చెయ్యి కదల్లేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా జవాబు వినబడేదాకా కదలకూడదని నేర్చుకున్న చెయ్యి అది. కదులు అని మనసులో తిట్టుకున్నాడు, బతిమాలాడు. రెండోసారి, కాస్త మెల్లగా, "పట్టావా?" అన్నాడు. తర్వాత కొమ్మ మీదే కూర్చుండిపోయాడు. కింద ఆ దుప్పటి, నాలుగు పాత చీరలు కలిపి ఆవిడ కుట్టింది, పొదల మధ్య పొట్ట వేలాడేసుకుని ఊరికే ఊగుతోంది. పొద్దు వాలాక దిగి ఇంటికి వచ్చాడు.

నాలుగోరోజూ అంతే. ఈసారి నోరు మూసుకుని ఎక్కాడు, కేక వెయ్యకూడదని. కేక వెయ్యకపోతే చెయ్యి అసలు కొమ్మ మీదికే పోలేదు. తన పక్కనున్న పండొకటి వేలు తగిలి అరచేతిలో రాలితే నోట్లో వేసుకున్నాడు. నిండా పండింది, ఇక ఎక్కువ రోజులు లేవు. పిట్టలు అప్పుడే చుట్టాల్లా దిగుతున్నాయి. ఆయన వాటిని తరమలేదు. ఎవరో ఒకరు వచ్చారు కదా అని ఊరుకున్నాడు.

ఐదోరోజు గాలి ఎక్కువగా ఉంది. ఆయన పైకి వెళ్ళేసరికి కింద రెండు మూలల ముడులు ఊడి, దుప్పటి పొద మీదికి మడతపడింది. ఆకులు గుబురుగా ఉండటంతో అది ఆయనకు కనబడలేదు. కొమ్మ మీద చెయ్యి వేసి, ఇవాళ కూడా ఇంతేనని తెలిసి, "పట్టావా?" అన్నాడు.

సరిగ్గా ఆ వేళకు గడియారాల బావ ఆ దారిన వెళ్తున్నాడు. క్వారీ కాపలావాడి గోడగడియారం ఆగిపోయిందని కబురొస్తే సామాన్ల సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. చెట్టు కిందికి వచ్చేసరికి పైనుంచి ఆ కేక. మనిషి ఆలోచించుకునేలోగా నోరు జారింది.

"పట్టా."

చెవికంటే ముందు చెయ్యి విన్నది. నిచ్చెనలాయన మూడు ఊపులు ఊపాడు. అన్ని రోజులుగా లోపల కుక్కుకున్న బలమంతా ఆ ఊపుల్లోకి వచ్చింది. చెట్టు మొత్తం కురిసింది. కింద రాళ్ళ మీద టపటపా టపటపా, చాలాసేపు. ఆ చప్పుడు గుడ్డ మీద పడే చప్పుడు కాదని ఆయనకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

దిగివచ్చాడు. గడియారాల బావ నిలబడి ఉన్నాడు, బూట్ల చుట్టూ ఎరుపు.

"మళ్ళీనా?" అన్నాడు నిచ్చెనలాయన.

"నోరు జారింది బావా."

"పదకొండేళ్ళ తర్వాత కూడా నీ నోటికి జారుడే?"

"నువ్వెందుకు కదిపావు? నా మాట మీద కదపనన్నావుగా."

నిచ్చెనలాయన పోయి ఒక రాయి మీద కూర్చున్నాడు. "అయిపోయింది. ఇక జాడీ లేదు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

గడియారాల బావ సంచి కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. "ఊరికే కూర్చోక ఇలా రా. నల్లబడేలోగా గింజ తీసెయ్యాలి."

"తీస్తే?"

"చేదు గింజలో ఉంటుంది, గుజ్జులో కాదు. నేల తగిలితే గింజ చిట్లుతుంది, అందులోంచి చేదు ఊరుతుంది. ముందే తీసేస్తే పండు పండే. మా అమ్మ చేసేది. చెల్లీ చేసింది."

"ఆవిడ ఎప్పుడు చేసింది?"

గడియారాల బావ తలెత్తలేదు. "ఆ ఏడాది. నువ్వు గడప తొక్కకూడదన్నావుగా. మా దుకాణం వెనక కూర్చుని ఇద్దరం తీశాం. నీతో ఏం చెప్పింది?"

"అవతలి గుట్ట మీద ఇంకో చెట్టు దొరికిందని చెప్పింది."

"నమ్మావా?"

నిచ్చెనలాయన ఒక పండు తీసుకుని బొటనవేలితో చీల్చాడు. "ఆ ఏడు గుజ్జు బాగుందన్నాను" అన్నాడు.

"తెలుసు. వచ్చి చెప్పింది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం."

చెట్టు సంగతులన్నీ తనకు తెలుసనుకున్నాడు ఆయన ఇన్నాళ్ళూ. నేల తాకిన తర్వాత పండు సంగతి తనకు ఒక్కటీ తెలియదు. అదంతా కిందివాళ్ళ చదువు. ఆవిడ దాన్ని తనతోనే పట్టుకుపోయిందనుకున్నాడు. ఇదిగో, కొంచెం ఇక్కడ మిగిలింది, చిన్న స్క్రూలు తిప్పే ఈ సన్నటి వేళ్ళలో. బావ వేళ్ళు గింజను ఎంత వాటంగా తీస్తున్నాయో ఆయన చూస్తూ ఉన్నాడు. చెల్లెలి వేళ్ళూ అలాగే కదిలేవి.

పొద్దు వాలేవరకు తీశారు. దుప్పటిలో గుజ్జు మూటగట్టి ఇంటికి తెచ్చి, సన్న మంట మీద గరిటె నిలబడేదాకా ఉడికించారు. జాడీ సగానికి నిండింది, అంతే. గడియారాల బావ చేతులు కడుక్కుని, గుమ్మం దాకా వచ్చి, ఖాళీ గది చూసి, "నిచ్చెనలేవి?" అన్నాడు.

"అమ్ముడైపోయాయి."

"మరి పక్కకి తిరిగి నడుస్తున్నావెందుకు?"

ఆయన పక్కకు తిరిగే మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాడు. బావ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నిచ్చెనలాయన జాడీకి గుడ్డ కట్టి, అరమీద పెట్టి, దాని ఎదురుగా కూర్చున్నాడు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. చెప్పుకోవడానికి ఒక సంగతి దొరికింది, చెప్పుకునే మనిషే లేదు.

తొమ్మిదిరోజుల పాటు సందులో ఒక్కరికీ దగ్గు రాలేదు. పదోరోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో గడియారాల బావ, చేతిలో చెల్లెలి గిన్నె. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గాడు. అంత అధ్వాన్నంగా ఎవరూ దగ్గలేరు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు నిచ్చెనలాయన.

"చలికాలం నుంచి" అన్నాడు బావ.

నిచ్చెనలాయన కుర్చీ లోపలికి జరిపాడు.

ఇదంతా ఇంత దగ్గరగా చూసినట్టు ఎలా చెబుతున్నావయ్యా అంటే, సగం ఆయనే నాకు చెప్పాడు, మిగతా సగం నేనే. ఆ గడియారాల బావను నేనే. ఇందులో నేను కల్పించింది ఒక్కటి. గుడ్డు సంగతి కాదు, అది పిట్టలు చూసుకుంటాయి. క్వారీ గోడగడియారం. ఆ క్వారీ మూతబడి ఆరేళ్ళు దాటింది. అక్కడ కాపలావాడూ లేడు, ఆగిపోయిన గడియారమూ లేదు, నాకు కబురు పంపినవాళ్ళూ లేరు. టైలరు కన్ను నలుపుకుంటూ దిగిన రోజు నుంచీ నేను ఆ రాళ్ళ వెనకే కూర్చుని ఉన్నాను. మూడోరోజూ విన్నాను ఆ కేక. రెండోసారి మెల్లగా అన్నదీ విన్నాను. దుప్పటి మూల ఊడిపోవడం కళ్ళారా చూశాను. నోరు జారలేదు.